మాదిరి పరీక్షలు – కాఠిన్య నిర్ణయం

ధవళేశ్వరం ఆనకట్ట వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు చేరినపుడు రెండవ హెచ్చరికను, 17.75 అడుగులకు చేరినపుడు మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. ఎగువనున్న భద్రాచలం వద్ద ఈ అంకెలు వరుసగా 43, 48, 53 అడుగులు. నది ఒక్కటే, కొలబద్దలు వేరు. భద్రాచలం వద్ద నీరు 40 అడుగులున్నదంటే ఇంకా మొదటి హెచ్చరిక స్థాయికి రాలేదని అర్థం. కొలబద్ద ఏదో తెలుసుకొనక అంకెను మాత్రమే విన్నవాడు అకారణంగా భయపడవచ్చు. అకారణంగా నిశ్చింతగానూ ఉండవచ్చు. రెండూ అనర్థదాయకాలే. న్యాయవిద్యా ప్రవేశానికై విద్యార్థులు వ్రాసే మాదిరి పరీక్షల మార్కులకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

గోదావరి సీమకు న్యాయవాద వృత్తితో అనుబంధం నేటిది కాదు. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమహేంద్రవరంలో ద్వితీయశ్రేణి ప్లీడరుగా పేరుగాంచారు. పై న్యాయస్థానాలలో వాదించే అర్హత ఆ శ్రేణి వారికి లేకపోవడంతో 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. నేడు ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థి అయిదేళ్ల న్యాయశాస్త్ర కోర్సులో చేరడానికి రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది రాష్ట్రంలోని న్యాయ కళాశాలల కొరకు నిర్వహించే లాసెట్. రెండవది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కొరకు 2008లో ప్రారంభమైన క్లాట్. హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఈ రెండవ కోవకు చెందినవి.

ఈ రెండు పరీక్షలలోనూ ప్రశ్నలు 120. అయినప్పటికీ వాటి స్వభావం భిన్నం. లాసెట్‌లో 90 నిమిషాల వ్యవధి ఉంటుంది. అనగా ఒక్కొక్క ప్రశ్నకు 45 సెకనులు. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు. క్లాట్‌లో 120 నిమిషాలుంటాయి. కాని సుదీర్ఘమైన ఆంగ్ల గద్యభాగాలను చదివి, వాటి ఆధారంగా సమాధానాలు గుర్తించాలి. తప్పు సమాధానానికి పావు మార్కు కోల్పోతారు. నాలుగేసి సమాధానాలున్న 120 ప్రశ్నలకు కళ్లు మూసుకొని గుర్తులు పెట్టినా, లాసెట్ పద్ధతిలో సగటున 30 మార్కులు వస్తాయి. అదే పని క్లాట్ పద్ధతిలో చేస్తే సగటున ఏడున్నర మార్కులే మిగులుతాయి. లాసెట్‌లో సాధారణ అర్హతకు 35 శాతం, అనగా 42 మార్కులు అవసరం. కాబట్టి అక్కడ 45 మార్కులు తెచ్చుకొన్నవారు తమ పరిజ్ఞానం ఎంత, అదృష్టం ఎంత అని విచారించుకొనడం మంచిది.

ప్రశ్నపత్రం కఠినమైనదో సులభమైనదో నిర్ణయించడం ఎట్లు? పరీక్ష ముగిసిన వెంటనే కలిగే భావన నమ్మదగినది కాదు. తెలియని ప్రశ్నలు నాలుగు వరుసగా ఎదురైతే పత్రమంతా కఠినంగా తోస్తుంది. మూల్యాంకన శాస్త్రంలో ఇందుకు ఒక సరళమైన కొలత ఉన్నది. 40 మంది వ్రాసిన పరీక్షలో ఒక ప్రశ్నకు 30 మంది సరిగా జవాబిస్తే దాని సూచిక 0.75, అది సులభమైన ప్రశ్న. ఎనిమిది మందే సరిగా జవాబిస్తే సూచిక 0.20, అది కఠినమైనది. అయితే బాగా చదివేవారందరూ తప్పి, మిగిలినవారు మాత్రమే సరిగా గుర్తించిన ప్రశ్న ఉంటే, అది కఠినమైనది కాదు, దోషభూయిష్టమైనది కావచ్చు. ఇచ్చిన జవాబే తప్పయి ఉండవచ్చు కూడా.

నలుగురితో కలిసి వ్రాసే అవకాశం లేని విద్యార్థి పూర్వపు ప్రశ్నపత్రాలను గీటురాయిగా చేసుకోవచ్చు. రెండు మూడు పాత పత్రాలను ముందుగా చూడకుండా దాచి, నిర్ణీత కాలంలో వ్రాయాలి. వాటిలో 75 మార్కులు, మాదిరి పరీక్షలలో 60 మార్కులు వస్తే మాదిరి పరీక్షలే కఠినమైనవని గ్రహించాలి. ఇందుకు విరుద్ధంగా జరిగితే మరింత జాగ్రత్త వహించాలి. సులభమైన పత్రం ఇచ్చే ధైర్యం అసలు పరీక్షనాడు నిలవదు. ఈ పోలికలో రెండు మెలకువలున్నాయి. వర్తమాన వ్యవహారాల ప్రశ్నలు ఏడాది తిరిగేసరికి పాతబడతాయి. ఆ భాగాన్ని విడిచి మిగిలిన భాగాలను పోల్చాలి. క్లాట్ స్వరూపం 2020లో గద్యభాగాల పద్ధతికి మారినది. 2023 డిసెంబరులో జరిగిన పరీక్ష నుండి ప్రశ్నలు 150కి బదులు 120 అయినవి. అందువలన 2019 నాటి 200 ప్రశ్నల పత్రం నేటి పరీక్షకు సరియైన కొలబద్ద కాదు.

కోనసీమలోని ఒక పల్లెలో తెలుగు మాధ్యమంలో చదువుకొన్న విద్యార్థిని ఉన్నదనుకొందాం. ఆమె లాసెట్ కొరకు సిద్ధమవుతూ, దొరికిన ఆంగ్ల మాదిరి పత్రాన్ని వ్రాసి 38 మార్కులు తెచ్చుకొన్నది. న్యాయశాస్త్రం తనకు తగదని పుస్తకాలు మూసివేయబోయింది. కాని లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. తప్పిన ప్రశ్నలను తిరిగి చూచుకొంటే, వాది, ప్రతివాది, అభియోగం వంటి భావనలన్నీ ఆమెకు తెలిసినవే. ఆంగ్ల వాక్యం అర్థం కాక తప్పినవే ఎక్కువ. ఆ పత్రం కొలిచినది ఆమె న్యాయ అభిరుచిని కాదు, ఆంగ్ల పఠన వేగాన్ని. ఆ తేడా గుర్తించకపోతే ఒక న్యాయవాది ఆ పల్లెలోనే ఆగిపోయి ఉండేది. ఆమెయే క్లాట్ వ్రాయదలిస్తే మాత్రం ఆ 38 మార్కులు నిజమైన హెచ్చరిక. ఆంగ్ల పఠనాన్ని పెంచుకొనడమే మొదటి కర్తవ్యం.

కావున తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం వ్రాసుకొనడం అవసరం: విషయం తెలియక తప్పినదా, ప్రశ్నను సరిగా చదవక తప్పినదా, కాలం చాలక వదిలినదా? మొదటిదానికి చదువు, రెండవదానికి నిదానం, మూడవదానికి సాధన మందులు. వరద వేళ ధవళేశ్వరంలో నీటిమట్టాన్ని ఒక్కసారి చూచి ఊరుకొనరు. నీరు పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అని గంట గంటకూ గమనిస్తారు. ఒక పరీక్షలో వచ్చిన మార్కులకు పొంగక, కుంగక, ఒకే కొలబద్దపై పలుమార్లు కొలుచుకొన్న విద్యార్థికే తన స్థితి తెలుస్తుంది. సాక్ష్యాన్ని పరిశీలించక తీర్పు చెప్పరాదనేది న్యాయశాస్త్రంలో తొలి పాఠం. ఆ పాఠాన్ని విద్యార్థి మొదట తన విషయంలోనే అమలు చేసుకోవాలి.