పార్లమెంటుకు ఎన్ని మార్కులు?

"నాన్నా, పార్లమెంటుకు కూడా ప్రోగ్రెస్ రిపోర్టు ఉంటుందా?" సెకండరీ స్కూల్లో చదువుతున్న మా అమ్మాయి ఒక సాయంత్రం వేసిన ప్రశ్న ఇది. టీవీలో లోక్‌సభ వార్తలు. సమావేశాల్లో ఇంత శాతం పని జరిగిందని చెబుతున్నారు. "ఉంటుందమ్మా" అన్నాను గానీ, వివరించబోయేసరికి నాకే సందేహాలు మొదలయ్యాయి.

హాజరు ఒక్కటే చాలదు

సభ నడవాల్సిన గంటల్లో నిజంగా ఎన్ని గంటలు నడిచిందన్నదే ఆ శాతం. 2005లో ఢిల్లీలో మొదలైన పి.ఆర్.ఎస్. అనే సంస్థ ఇలాంటి లెక్కలు వేస్తుంటుంది. దాని ప్రకారం 15వ లోక్‌సభ (2009-14) 61 శాతం, 17వ లోక్‌సభ (2019-24) 88 శాతం పనిచేశాయి.

"అయితే రెండోదే ఫస్టు!" అంది మా అమ్మాయి.

తొందరపడకమ్మా అన్నాను. 17వ సభ అయిదేళ్ళలో సమావేశమైంది 274 రోజులే. పూర్తికాలం సాగిన ఏ లోక్‌సభా అంత తక్కువ రోజులు కూర్చోలేదు. బిల్లుల్ని క్షుణ్ణంగా పరిశీలించే కమిటీలకు 15వ సభ 71 శాతం బిల్లుల్ని పంపితే, 17వ సభ పంపింది 16 శాతమే. రోజూ బడికి వెళ్ళి హోంవర్కు చేయకపోతే టీచరు ఏమంటారో పిల్లలకు నేను చెప్పాలా?

మనం మరువలేని రోజు

2014 ఫిబ్రవరి 18. గందరగోళం మధ్య ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. అంతకు అయిదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే! బిల్లుల లెక్కలో అది "ఒకటి" మాత్రమే. కానీ ఆ ఒక్కటీ కోట్లమంది తెలుగువాళ్ళ చిరునామా మార్చింది. కల నెరవేరిందని పొంగిపోయినవారూ, జరిగిన తీరుకు కుమిలిపోయినవారూ ఇక్కడ పక్కపక్కనే కూర్చుని ఉగాది పచ్చడి తింటున్నాం. గంటల శాతం గానీ, బిల్లుల సంఖ్య గానీ ఆ రోజును కొలవగలవా?

మరి సింగపూరులో?

ఇక్కడ అరుపులతో సభ ఆగిపోవడం చూడం. 1959 నుంచీ ఒకే పార్టీ అధికారంలో ఉంది కాబట్టి ప్రభుత్వ బిల్లు నెగ్గుతుందా లేదా అన్న ఉత్కంఠా ఉండదు. అందుకే ఇక్కడ చూడాల్సింది వేరు: చట్టం చేసేముందు ఎవరెవరి మాట విన్నారు? చేశాక తప్పులు దిద్దుకున్నారా?

ఒక్క ఉదాహరణ. 1994లో వాల్టర్ వూన్ అనే నామినేటెడ్ ఎంపీ తల్లిదండ్రుల పోషణ బిల్లు తెచ్చారు. ఆయన మంత్రి కాదు. బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్ళి, జనం అభిప్రాయాలు విన్నాక 1995లో చట్టమైంది. అరవై దాటి, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లలనుంచి భరణం కోరవచ్చు. కేసు దాకా పోకుండా ముందు రాజీ ప్రయత్నం జరగాలని 2010లో మార్చారు. చిన్నప్పుడు పిల్లల్ని హింసించినవారూ, వదిలేసినవారూ భరణం కోరాలంటే ముందు ట్రైబ్యునల్ అనుమతి తీసుకోవాలని 2023లో సవరించారు. ఒక్క చట్టం, మూడుసార్ల ఆలోచన!

భారతదేశంలోనూ ఇలాంటి చట్టం 2007లో వచ్చింది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ అది వర్తిస్తుంది. అంటే ఊళ్ళో అమ్మానాన్నల్ని ఉంచి వచ్చిన మనకూ! పార్లమెంటు పని మన గుమ్మం దాకా వస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మీరూ మార్కులు వేయండి

ఇక్కడ పార్లమెంటు సమావేశాల్ని పబ్లిక్ గ్యాలరీనుంచి చూడవచ్చు. సభ్యులు ఇంగ్లీషు, మలయ్, మాండరిన్, తమిళంలో దేనిలోనైనా మాట్లాడవచ్చు. ఈసారి సెలవుల్లో సభ ఉంటే, మాల్‌కు బదులు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. ఎన్ని గంటలు మాట్లాడారని కాకుండా, ఎవరి గురించి మాట్లాడారో, అడిగినదానికి మంత్రి సూటిగా జవాబిచ్చారో లేదో రాసుకోమనండి.

మా అమ్మాయి అప్పుడే ఒక నోటుపుస్తకం తీసి పెట్టుకుంది. మొదటి పేజీలో ఇలా రాసింది: "హాజరుకు పది మార్కులే."