ఫెలోషిప్పున కెదురుచూచు నింట



మన యిండ్లలో పరీక్షాఫలితముల కెదురుచూచుట క్రొత్త కాదు. ఒక దినమున నంకెలు తెలియును. బిడ్డ గెలిచినచో నిరుగుపొరుగులకు మిఠాయి పంచుదుము. ఓడినచో మరల చదువుకొమ్మందుము. ఈ సంవత్సరము మా యింట జరుగుచున్న యెదురుచూపు అట్టిది కాదు. మా అక్కయ్య కుమార్తె, కళాశాల మా యూరనే యుండుటచే, మా యొద్దనే యుండి రసాయనశాస్త్రమున ఎం.ఎస్‌సీ. ముగించినది. గడచిన డిసెంబరులో అమెరికాలోని ఆరు విశ్వవిద్యాలయములకు పీహెచ్.డీ. కొఱకు దరఖాస్తులు పంపినది. నాటినుండి అన్నము వడ్డించునప్పుడును మా యందఱి కన్నులు ఆ పిల్ల ఫోనుమీదనే యున్నవి.

నేను ఇంటనే తండ్రిగారియొద్ద కావ్యములు చదువుకొన్నదానను. ఈ సంగతులు నాకు బొత్తిగా తెలియవు. మా వారు ఉపాధ్యాయులగుటచే వారివలన గొంతయు, పిల్ల చెప్పగా గొంతయు తెలిసికొంటిని. నావంటి తల్లులును పినతల్లులును పెక్కండ్రు కలరు గనుక ఇచట వ్రాయుచున్నాను.

దరఖాస్తు అనగా నొక్క కాగితము కాదు. తానే శాస్త్రభాగమున నేమి శోధింపదలచినదో, ఇంతవఱకు నేమి చేసినదో తెలుపు వ్యాస మొకటి వ్రాయవలెను. తన్నెఱిగిన ముగ్గురు అధ్యాపకులు ఆమె యోగ్యతను గూర్చి లేఖలు పంపవలెను. ఆ లేఖలను పిల్ల చూడదు, వారే నేరుగా పంపుదురు. మార్కుల పత్రములు, ఇంగ్లీషు పరీక్ష ఫలితము వేఱు. జీఆర్ఈ పరీక్షను కొన్ని శాఖలు అడుగును, అనేక శాఖలు ఇపుడు మానివేసినవి. ప్రతి దరఖాస్తునకు రుసుము కలదు. మా పిల్ల ట్యూషనులు చెప్పి కూడబెట్టిన సొమ్మంతయు దానికే చెల్లినది. ముందుగా వ్రాసి యడిగినచో కొన్ని చోట్ల ఆ రుసుమును మాఫీ చేయుదురట. ఈ సంగతి మాకు తరువాత తెలిసినది. మీరు ముందే తెలిసికొనుడు.

అమెరికా చదువనగానే పొలము తాకట్టు పెట్టవలె నని మనవారు భయపడుదురు. ఎం.ఎస్. చదువునకు సామాన్యముగా మన సొమ్మే వ్యయమగును. ఆ భయము నిజమే. విజ్ఞానశాస్త్రములలో పీహెచ్.డీ. మార్గము వేఱు. చేర్చుకొన్న శాఖ చాలవఱకు బోధనరుసుమును తానే భరించి, నెలనెలకు భృతి యిచ్చును. ఆ భృతికి బదులుగా విద్యార్థిని చిన్న తరగతులకు పాఠములు చెప్పవలెను, లేదా ఆచార్యుని ప్రయోగశాలలో పని చేయవలెను. ఏ పనియు నడుగక యిచ్చునది ఫెలోషిప్పు. సీటు దొరకినది, భృతి లేదు అనినచో సంతోషించుటకు ముందు నిదానముగా నాలోచింపవలెను.

జవాబులు జనవరినుండి మార్చివఱకు ఒక్కొక్కటిగా వచ్చును. కొన్ని యెడల ఔననరు, కాదనరు. నిరీక్షణ పట్టికలో నుంచుదురు. అక్కడి విశ్వవిద్యాలయములు పెక్కు కలిసి యొక నియమము చేసికొన్నవి. భృతితో పిలిచిన విద్యార్థిని ఏప్రిల్ 15వ తేదీకి ముందు జవాబు చెప్పుమని నిర్బంధింపరాదు. మూడు నాలుగు పిలుపులు గలవారు ఒక్కటి యుంచుకొని తక్కినవి వదలుకొనగా, ఆ ఖాళీలు పట్టికలోని వారికి వచ్చును. కావున మీ బిడ్డకు రెండు పిలుపులు వచ్చినచో, అక్కఱలేని దానిని ఆ దినమే వదలుకొమ్మని చెప్పుడు. ఎవరి యింటనో మరియొక పిల్ల దానికై కాచుకొని యుండును.

ఇక నా తప్పు చెప్పుకొనెదను. ఫిబ్రవరిలో నొక్క వారమున రెండు నిరాకరణలు వచ్చినవి. ఆ వారమే అక్కయ్య ఫోను చేసి, మంచి సంబంధము వచ్చినది, ఉగాదిలోపల మాట యియ్యవలెనట అని చెప్పినది. నేను తొందరపడి పిల్లతో, “వారు కాదన్నారు గదా, ఇక నీ సంబంధమైనను పోగొట్టుకొనకుము” అంటిని. ఆమె కోపపడలేదు. “పిన్నీ, ఇంకను నాలుగు చోట్లనుండి జవాబు రావలెను. నేను గెలువనని నీవే యనుకొన్నావా?” అని మాత్రమడిగినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన కావ్యములలో నెదురుచూపు ఆడుదాని పాలిటిదే. సీతయు, దమయంతియు, శకుంతలయు నెదురుచూచినవారే. వారెల్లరు పతి రాకకై కాచిరి. ఈ పిల్ల తన శ్రమఫలమునకై కాచుచున్నది. ఆ కథలు చదివి కన్నీరు విడిచిన నేను, ఈమె యెదురుచూపును మాత్ర మేల తక్కువ చేసితిని?

మఱునాడు మా వారు నాకు కమలా సోహోనీగారి చరిత్ర చెప్పిరి. 1933లో బొంబాయిలో పట్టము పొందిన యీమె బెంగుళూరు విజ్ఞానసంస్థకు దరఖాస్తు పంపగా, ఆడుది యను కారణముచే అధ్యక్షులు సర్ సి. వి. రామన్‌గారు నిరాకరించిరి. ఆమె స్వయముగా వెళ్లి, చేర్చుకొనువఱకు పట్టు విడువలేదు. తుదకు కఠిననియమములతో, ఒక సంవత్సరము పరీక్షార్థముగా చేర్చుకొనిరి. 1936లో నచట ఎం.ఎస్‌సీ. ముగించి, కేంబ్రిడ్జికి వెళ్లి, 1939లో పీహెచ్.డీ. పొందినది. మొదటి నిరాకరణకే ఆమె యింటివారు నావలె మాటలాడియుండినచో నేమై యుండును!

మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి కథయు నాకు తలపునకు వచ్చినది. భీమవరమున జన్మించిన ఆయన అమెరికా చేరి, ఆస్పత్రిలో రాత్రివేళల కూలిపని చేయుచు చదివి, 1930లో హార్వర్డులో పీహెచ్.డీ. పొందిరి. 1948లో మరణించువఱకు స్వదేశమునకు మరల రాలేదు. ఇచట భార్య శేషగిరిగా రెదురుచూచుచునే యుండిరి. భృతి లేని విదేశవిద్య వెల యింటిలోని వారుకూడ చెల్లింతురు. అందుచేతనే డబ్బు సంగతియు, రాకపోకల సంగతియు ముందుగా నడిగి తెలిసికొనుట లోభము కాదు, వివేకము.

విదేశమొక్కటే గతియను తలంపును మానవలెను. మన దేశమున సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ పొందినచో, 2023 జనవరినుండి నిర్ణయించిన ప్రకారము మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట సీనియరు హోదాకు 42,000 రూపాయలు లభించును. స్త్రీలకు వయఃపరిమితిలో అయిదేండ్ల సడలింపు కలదు. పెండ్లియై చదువు నిలిచిన సోదరీమణు లిది గుర్తుంచుకొందురు గాక. హైదరాబాదులోనే విశ్వవిద్యాలయమును, తార్నాక రసాయనసంస్థయు, సీసీఎంబీయు కలవు. మా పిల్ల ఆ పరీక్షకును చదువుచున్నది.

అక్కయ్యకు నేనే ఫోను చేసి, ఏప్రిల్ 15 వఱకు గడువడుగుమని చెప్పితిని. బావగారు పెండ్లివారి నడిగిరి. వారు గడువియ్యలేదు, వేఱొక సంబంధము చూచుకొనిరి. అక్కయ్య రెండు దినములు నాతో మాటలాడలేదు. మూడవ దినమున తానే ఫోను చేసి, “పిల్ల అన్నము తినుచున్నదా?” అని యడిగినది.

ఇది వ్రాయునాటికి ఇంకొక నిరాకరణ వచ్చినది. రెండు చోట్లనుండి జవాబు రాలేదు. ఒకచోట నిరీక్షణ పట్టికలో నున్నది. గడువునకు పదునెనిమిది దినములు కలవు. “నీవు గెలుతువు” అని నేను చెప్పుటలేదు. అది నా చేతిలో లేదు. “కాదన్నను నీవు మా యింటి పిల్లవే, మరల పంపుదము” అని మాత్రము చెప్పితిని. నాటినుండి ఆమె రాత్రివేళ ఫోను నా వంటగది అలమరలో పెట్టి నిద్రించుచున్నది.