పచ్చ పుస్తకంలో తర్వాతి తేదీ

డిసెంబరు ఒకటి దగ్గరపడుతోంది, ఎయిడ్స్ దినం మీద ముఖచిత్ర కథనం గురువారానికల్లా కావాలి, అదీ ఆసిఫాబాద్ నుంచి అన్నారు ఎడిటర్. ర్యాలీలు, ఎర్ర రిబ్బన్లు, ప్రతిజ్ఞలు ఏటా ఉండేవే. వాటి మీద నాకు ఎన్నడూ గురి లేదు. అసలు కథ హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మందు తీసుకునేవాళ్ల చేతికిచ్చే పచ్చ పుస్తకంలో ఉంది.

సర్కారు రికార్డుల్లో దాని పేరు గ్రీన్ బుక్. బరువెంత, సీడీ4 (ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క) ఎంత, ఏ మందు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి అందులో రాసిస్తారు. దీనికి జోడీ వైట్ కార్డు, అది సెంటరు దాటి బయటికి రాదు. అందులో మనిషి ఎట్లున్నాడో ఒక్క అక్షరంలో రాస్తారు. డబ్ల్యూ అంటే పనికి పోతున్నట్టు. ఏ అంటే లేచి తిరుగుతున్నా పని చేయలేకపోతున్నట్టు. బీ అంటే మంచం పట్టినట్టు. పైన బీ, కొన్ని నెలల తర్వాత కింది గడిలో డబ్ల్యూ కనిపించిందంటే, ఏ గోడ మీది నినాదమూ దాని ముందు నిలవదు.

బీని డబ్ల్యూ చేసేది ఒక గోలీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన టీఎల్‌డీ, రోజుకొకటి. అంతకుముందు ఎఫావిరెంజ్ ఉన్న గోలీ రాత్రి వేసుకుంటే కొందరికి తల తిరిగేది, పిచ్చి కలలు వచ్చేవి. ఇప్పుడా బాధ చాలావరకు తప్పింది. మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, అలాగే నిలిచిందంటే సంసారంలో అవతలి మనిషికి అంటుకోదు. ఈ మాట ఊళ్లలో ఇంకా గట్టిగా చెప్పాలి.

మరి మానకుండా వేసుకోవడానికి అడ్డమేంటి? చప్పుడు. ప్లాస్టిక్ డబ్బాలో ముప్పై గోలీలు సంచిలో గలగలమంటే పక్క సీటావిడ అడుగుతుంది. అందుకే లేబుల్ చింపేవాళ్లు, డబ్బాలో దూది కుక్కేవాళ్లు, గోలీలు వేరే డబ్బాలోకి మార్చేవాళ్లు ఉంటారు. డబ్బా మారిస్తే తేమ తగిలి మందు పాడవుతుంది, అయినా మారుస్తారు.

రెండోది దారి. తిర్యాణి, కెరమెరి వైపు గూడేల నుంచి సెంటరుకు పోయి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. నవంబరు, డిసెంబరుల్లో పత్తి ఏరుడు జోరు మీద ఉంటుంది, పుస్తకంలో తేదీ దానికోసం ఆగదు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడం, దగ్గరి దవాఖానలో లింక్ ఏఆర్‌టీ పెట్టడం ఇందుకే. ఎయిడ్స్ విభాగంతో సంబంధం లేకపోయినా 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎందుకు పోతున్నావని కండక్టర్ అడగడు, జీరో టికెట్ కొడతాడు. మగవాళ్లకు మాత్రం చార్జీ తప్పదు.

ఇక చరిత్ర గబగబా: దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ న్యాకో వచ్చింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచిత మందులు. 2017 నుంచి సీడీ4తో పని లేకుండా, తేలగానే చికిత్స. 2021 అంచనాల్లో దేశంలో పెద్దవాళ్లలో 0.21 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంటే, తెలంగాణలో 0.47.

బాక్సు 1: పింఛను
హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఆసరా పింఛను 2014లో రూ.1,000తో మొదలై, 2019లో రూ.2,016 అయింది. డబ్బు అవసరమే, కానీ జాబితాలో పేరు పడితే ఊరికి తెలుస్తుందన్న భయం దరఖాస్తుకు ముందే చేయి పట్టుకుంటుంది.

బాక్సు 2: చట్టం
2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఎవరూ పెద్దగా చెప్పని సెక్షన్ ఇంకోటి ఉంది. ఇంట్లో హెచ్‌ఐవీ ఉండి, ఇంటి పనులు చూసుకునే పరిపక్వత ఉంటే, 12 ఏళ్లు నిండిన అక్కో అన్నో చిన్న తోబుట్టువులకు సంరక్షకులు కావచ్చు. బడిలో చేర్పించడం, బ్యాంకు ఖాతా నడపడం, వైద్యం చూసుకోవడం అన్నీ ఆ పిల్లల చేతి మీదుగానే జరగొచ్చు.

హెల్ప్‌లైన్: 1097. కాల్ ఉచితం.