‘అయింది’కి ఇంగ్లీషేమిటి?

పిల్లలూ! మన ‘అయింది’ అనే మాట ఎన్ని పనులు చేస్తుందో చూశారా? ‘భోజనం అయింది’ అంటే ముగిసిందని అర్థం. ‘ఏమయింది?’ అంటే ఏం జరిగిందని. ‘పల్లె పట్నమయింది’ అంటే మారిందని. ఇంగ్లీషులో యీ మూడింటికీ ఒకే మాట చాలదు. మొదటిదానికి ‘ఫినిష్’, రెండవదానికి ‘హ్యాపెన్’, మూడవదానికి ‘బికమ్’ కావాలి. భోజనం ముగించి ‘మై మీల్ బికేమ్’ అన్నారనుకోండి, వినేవాడు మీ భోజనం ఏదిగా మారిందో చెబుతారని ఎదురుచూస్తాడు!

బికమ్ సంగతి తెలియాలంటే మాదాపూర్ చూడాలి. హైదరాబాదుకు పడమటివైపున ఉన్న యీ ఊరు ఒకప్పుడు చిన్న పల్లె. చుట్టూ గుట్టలు, బండలు ఉండేవి. 1998 నవంబరు 22న అక్కడ సైబర్ టవర్స్ అనే పెద్ద భవనాన్ని ఆనాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. తరువాత దాని చుట్టూ కంప్యూటరు కంపెనీలు, రోడ్లు, మేడలు పెరిగాయి. 2019లో మెట్రోరైలు కూడా వచ్చింది. హైటెక్ సిటీ అంటే ఆ ప్రాంతమే.

‘ది విలేజ్ బికేమ్ ఎ సిటీ.’ పల్లె నగరమయిందన్నమాట. తెలుగులో ‘నగరంగా మారింది’ అంటాము గనక, కొందరు ఆ ‘గా’ కోసం ‘బికేమ్ యాజ్ ఎ సిటీ’ అని రాస్తారు. ఆ ‘యాజ్’ అక్కరలేదు. మరొక సంగతి: ‘హ్యాజ్’ పక్కన బికేమ్ రాదు. ‘ది విలేజ్ హ్యాజ్ బికమ్ ఎ సిటీ’ అనాలి. బడిలో నేను దిద్దిన పుస్తకాలలో యీ రెండు తప్పులూ తరచు కనిపించేవి.

మరి అక్కడి బండల మాటేమిటి? ఆ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది. మేడల కోసం, రోడ్ల కోసం ఎన్నో బండలను పగులగొట్టి తీసివేశారు. ‘ది రాక్స్ బికేమ్ టవర్స్’ అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాని అది నిజం కాదు. పల్లె నగరమయినా మాదాపూర్ అక్కడే ఉన్నది. బండలు మేడలు కాలేదు. అవి పోయాయి, ఆ చోట మేడలు లేచాయి. ఇటువంటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ‘వాట్ బికేమ్ ఆఫ్ ది రాక్స్?’ అంటే, ‘ఆ బండలు ఏమయ్యాయి?’ అని. కంటికి కనబడకుండా పోయినవాటిని గురించి ఇలా అడుగుతారు. ఇక్కడ మన ‘అవు’, వారి ‘బికమ్’ చక్కగా కలిశాయి!

హైదరాబాదు చుట్టూ ఉన్న బండలను కాపాడాలని 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంఘం ఏర్పడింది. ఉన్న బండలు ఉన్నట్టే ఉండాలని వారి కోరిక. అలా ఉండడానికి ఇంగ్లీషులో ‘రిమెయిన్’ అంటారు. హైటెక్ సిటీ దగ్గరే దుర్గం చెరువున్నది. 2020లో దానిమీద తీగల వంతెన కట్టారు. వంతెన వచ్చినా చెరువు చెరువుగానే ఉన్నది. ‘ది లేక్ రిమెయిన్స్ ఎ లేక్.’

ఇక మీ పని. మీ ఊరి పెద్దలను అడిగి మూడు వాక్యాలు రాయండి. ఏది మారిందో ‘బికేమ్’తో చెప్పండి. ఏది నిలిచిందో ‘రిమెయిన్స్’తో చెప్పండి. పోయినదానిని గురించి ‘వాట్ బికేమ్ ఆఫ్’ అని అడగండి. ఈ మూడవదానికి జవాబు తాతయ్యలు, అమ్మమ్మలు చెబుతారు. దానిని మాత్రం తెలుగులోనే రాసి ఉంచుకోండి.