చిన్న ఇంజన్లలో పెట్రోలు నిలువ ఉంచరాదు

మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు, గడ్డి కోసే బ్రష్ కట్టరు, చెట్లు కోసే మోటారు రంపము ఏడాదిలో కొద్ది దినములే పనిచేయును. తక్కిన కాలమంతయు కొట్టములో మూల నుండును. తీరా పైరుకు పురుగు పట్టిన దినమున తాడు ఎంత లాగినను ఇంజను పలుకదు. దీనికి తరచు కారణము టాంకులో మిగిలిపోయిన పాత పెట్రోలే.

కారణమేమి?

మన దేశములో పెట్రోలులో చెరకు, ధాన్యముల నుండి తీసిన ఇథనాలు కలుపుచున్నారు. 2022లో 10 శాతమునకు చేరిన ఈ పాలు 2025 నాటికి 20 శాతమైనది. పెక్కు చిన్న ఇంజన్ల పుస్తకములు 10 శాతము మించరాదని చెప్పుచున్నవి.

ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నీరు హెచ్చినపుడు ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడిపోయి టాంకు అడుగున చేరును. ఇంజను పీల్చునది అడుగునుండియే. రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోలులో కలిపిన ఆయిలే కందెన. అడుగున చేరిన ద్రవములో ఆ ఆయిలు చాలినంత ఉండదు, పిస్టను పట్టివేయును. ఇథనాలు వలన రబ్బరు గొట్టములు, కార్బురేటరులోని పలుచని పొరలు కూడ చెడును.

ఇథనాలు ఉన్నదా?

గీతలున్న గాజు గొట్టములో 10 మి.లీ. నీరు, ఆపై 100వ గీత వరకు పెట్రోలు పోసి, మూతపెట్టి కుదిపి నిలుపుడు. అడుగు ద్రవము 10వ గీత దాటి పైకి వచ్చినచో ఇథనాలు ఉన్నట్లే. ఈ పని నిప్పుకు దూరముగా, ఆరుబయట చేయవలెను. ఇట్లు నీటితో కడిగిన పెట్రోలును ఇంజనులో వాడరాదు.

చేయవలసిన పనులు

1. ఇథనాలు లేని పెట్రోలు దొరికినచో అదే వాడుడు. ధర ఎక్కువైనంత మాత్రమున అందులో ఇథనాలు లేదని నమ్మరాదు.

2. దొరకనిచో నెలలోపు అయిపోవునంత మాత్రమే కొనుడు. మూత బిగువైన డబ్బాలో నీడన ఉంచుడు.

3. ఆయిలు పుస్తకములో చెప్పిన పాలులోనే కలుపుడు. 50కి 1 అనగా లీటరుకు 20 మి.లీ.; 25కి 1 అనగా 40 మి.లీ.

4. పని ముగిసి యంత్రమును మూలపెట్టునపుడు టాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట ఆగువరకు నడుపుడు. అప్పుడు కార్బురేటరులోని పెట్రోలు చాలవరకు అయిపోవును.

5. గొట్టములు మెత్తబడినను, పగుళ్లు పట్టినను వెంటనే మార్చుడు.

ఖాళీ చేయుటకు పట్టునది కొద్ది నిమిషములే. పిస్టను పట్టినచో పోవునది డబ్బు మాత్రమే కాదు, మందు కొట్టవలసిన అదను కూడ.