ఊపిరి సలుపని సంగీతము

విడవలూరులో మాకొక మిత్రులు గలరు. వరిసాగు వారి వృత్తి. త్యాగరాజ కృతులు వినుట వారి వ్యసనము. ఇటీవల ఒక సాయంకాలము వారి యింట 1971 నాటి పాశ్చాత్య సంగీతపు రికార్డు నొకదానిని కలిసి వింటిమి. దాని పేరు 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్'. లోలోపల పైకెగయు జ్వాల యని చెప్పుకొనవచ్చును. రికార్డు ముగిసిన పిమ్మట మిత్రులు కొంతసేపు మౌనముగా నుండి, "అయ్యా, అద్భుతముగానే యున్నది, కాని ఎక్కడ ఊపిరి తీసికొనవలెనో తెలియలేదు" అనిరి. మా మనస్సునందును అదే సందేహము మెదలుచుండెను. దానిని విచారించుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

దీనిని వాయించిన బృందము పేరు మహావిష్ణు ఆర్కెస్ట్రా. నాయకుడు యార్క్‌షైర్‌లో 1942లో జన్మించిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్. శ్రీ చిన్మయ్ శిష్యుడైన ఆయనకు గురువు ఒసగిన 'మహావిష్ణు' నామమే బృందమునకును పేరైనది. వయొలిను వాయించిన జెర్రీ గుడ్‌మన్ అమెరికా వాడు. మీటల వాద్యములు వాయించిన యాన్ హామర్ ప్రేగ్ నగరము వాడు. బాస్ గిటారు వాయించిన రిక్ లెయర్డ్ డబ్లిన్ వాడు. డ్రమ్ములు వాయించిన బిల్లీ కోబమ్ పనామాలో పుట్టినవాడు. రాక్ సంగీతపు హోరును, జాజ్ సంగీతపు మనోధర్మమును వీరు ఒక్కచోట చేర్చిరి.

మన చెవిని ముందుగా ఆకర్షించునది లయ. రాక్ పాటలు సాధారణముగా నాలుగేసి దెబ్బలతో నడచును. ఇందలి 'వైటల్ ట్రాన్స్‌ఫర్మేషన్' నడక 9 దెబ్బలది. 'తకధిమి తకతకిట' యని చేతితో వేసి చూచినచో మన సంకీర్ణము స్ఫురించును. 'ది డాన్స్ ఆఫ్ మాయా' పదింటి లెక్కతో ఆరంభమగును. లెక్కలోనే ఈ పోలిక. విరుపులు వారివి వారివే. అయినను మృదంగపు జతులు విన్న చెవికి ఈ రికార్డు పరాయిగా తోచదు. మిత్రులు తొడపై తాళము వేయుచునే వినిరి.

మరి కొరత యెక్కడ? మన కచేరీలో రాగాలాపన తాళము లేకయే సాగును. పిమ్మట కృతి, నెరవలు, స్వరకల్పన. తుదకు తని ఆవర్తనము. వేగమునకు ముందుగా చోటు సిద్ధమగును. అందుచేతనే అది వచ్చినప్పుడు ఒడలు పులకించును. ఈ రికార్డులోనో, గిటారు, వయొలిను ఒకే వరుసను మెరుపువలె పరుగెత్తించుచుండగా డ్రమ్ములు సందులన్నింటిని నింపివేయును. ఆరంభమునుండియు అంతయు శిఖరమే యైనచో శిఖరము శిఖరముగా కనబడదు.

విశ్రాంతి యనగా వీరెరుగరని చెప్పరాదు. 'ఎ లోటస్ ఆన్ ఐరిష్ స్ట్రీమ్స్' అను రచనలో డ్రమ్ములు లేవు. గిటారు, పియానో, వయొలిను మెల్లగా సంభాషించుకొనును. 'యు నో యు నో'లో స్వరముల నడుమ మౌనము సైతము వాద్యమే. మిత్రులు మరల పెట్టుమని కోరినది మొదటి దానినే. తెలిసియు తక్కువగా ఒసగిరన్నదే మా ఫిర్యాదు.

తరువాతి కథ ఈ ఫిర్యాదునకు కొంత సమాధానము చెప్పుచున్నది. కొన్ని యేండ్లకే మెక్‌లాఫ్లిన్ విద్యుత్ గిటారును ప్రక్కకు పెట్టి, ఎల్. శంకర్ వయొలిను, జాకిర్ హుస్సేన్ తబలా, వినాయక్‌రామ్ ఘటములతో 'శక్తి' బృందమును నడపెను. దాని మొదటి రికార్డు 1976లో వెలువడినది. ఆ బృందము 1990ల చివర 'రిమెంబర్ శక్తి'గా మరల రూపొందినప్పుడు, 1969లో పాలకొల్లున జన్మించిన మన మాండలిన్ శ్రీనివాస్ అందు చేరెను. 2014లో అస్తమించిన ఆ విద్వాంసుని వాద్యమును విద్యుత్తుతో పలుకునదే, వేగమునకును కొదువలేదు. అయినను తీగను సాగదీసి ఆయన పలికించిన గమకములో స్వరమునకు ఊపిరి యున్నది. కావున దోషము విద్యుత్తుది కాదు, వేగముది కాదు. వేగమునకు చోటు సిద్ధపరచకపోవుటయే.

ఈ రికార్డు వినదగినదే యని మా అభిప్రాయము. అయితే ఒక్క బిగిన వినక, ముందు 'లోటస్'ను విని, తక్కిన వానిని రెండు మూడు దినములలో వినుట మేలు. మేము సెలవు తీసికొనునప్పుడు మిత్రులు రికార్డును తిరిగి ఇచ్చుటకు మారుగా, "వచ్చే వారము వరకు ఇక్కడనే యుండనిండు" అనిరి.