పత్రరక్షణకును ఒక విద్యాలయము వలయును

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గండ్లుపడి బెజవాడ పేటలను ముంచివైచిన సంగతి చదువరులు మరచియుండరు. భవానీపురము ప్రక్కనే ప్రవహించు కృష్ణవేణియు ప్రకాశం బారేజీకడ సెకండునకు 11 లక్షల ఘనపుటడుగులను మించిన దినములవి. వఱద తీసినపిమ్మట జనులు బట్టలతోపాటు దస్తావేజులను, పట్టాదారు పుస్తకములను, పరీక్షాపత్రములను ఎండబోసికొనిరి. ఇది ఎల్లరకును తోచు ఉపాయమే. కాని ఈ శాస్త్రము నెఱిగినవారు వలదందురు. తడిసిన కాగితమునకు రెండు దినములలో బూజు పట్టనారంభించును. తీవ్రమైన యెండకు అది వంకరవోవును. అంటుకొనిన పుటలను బలిమిని విడదీసినచో అక్షరములే ఊడివచ్చును. నీడపట్టున, గాలి యాడుచోట, అద్దుడు కాగితములనడుమ నారవేయవలెను. కట్టలు పెక్కులైనచో గడ్డకట్టించి నిలువయుంచి, తరువాత తీరికగా బాగుచేయవలెను. ఈ పాటి మాట చెప్పగలవారు మన పట్టణమున ఎందరు గలరు?

పాడైన కాగితమును బాగుచేయుట ఈ విద్యలో నొక భాగము మాత్రమే. దీని హృదయము వేఱొకటి గలదు. గ్రంథపాలకుడు పుస్తకములను విషయమునుబట్టి అమర్చును. పత్రపాలకుడట్లు చేయరాదు. ఏ కచేరిలో, ఏ పనిమీద, ఏ వరుసను కాగితములు పుట్టినవో ఆ వరుసనే నిలుపవలెను. ఒక కచేరి కట్టను మఱియొక కచేరి కట్టతో కలుపరాదు. ఏలయన, ఒంటికాగితమునకు సాక్ష్యబలము తక్కువ; దాని ముందువెనుకల నున్న కాగితములే దానిని నిలువబెట్టును. సివిలు వ్యాజ్యములలో చేతులు కాల్చుకొనిన మన రైతుసోదరులకు ఈ సూత్రమును విశదీకరింప నక్కఱలేదు. హాలండు దేశపు పండితులు ముగ్గురు 1898లో దీనిని గ్రంథరూపమున స్థాపించిరి. ఫ్రాన్సువారు 1821లోనే పారిసు నగరమున ఇట్టి విద్యకై పాఠశాలను నెలకొల్పియుండిరి. లండను విశ్వవిద్యాలయమున 1947లో శిక్షణ ఆరంభమైనది.

ఇంక మన జిల్లా సంగతి చూతము. 1984 జనవరిలో కరణపు మునసబు పదవులు రద్దయినవి. ఆ వ్యవస్థలోని మంచిచెడ్డలను మేమిచట తడవము. కాని తరతరములుగ కరణములయిండ్ల పెట్టెలలోనున్న గ్రామపు లెక్కలు ఆ సంధికాలమున చేతులు మారినవి. మఱుసటి సంవత్సరము మండలములు వెలసి తాలూకా కచేరీల కట్టలు చీలినవి. 2022 ఏప్రిలులో కృష్ణాజిల్లాయే రెండయి, భవానీపురము బెజవాడ ముఖ్యస్థానముగాగల ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇట్టి పంపకము జరిగిన ప్రతిసారియు ఏ కట్ట ఎచటినుండి ఎచటికి పోయినదో వ్రాసియుంచువాడొకడు ఉండవలెను. వాడు లేనిచో కట్ట యున్నను లేనట్లే. పాతకాగితము కావలసినవాడు బెజవాడనుండి బందరునకు, బందరునుండి హైదరాబాదు తార్నాకలోని పత్రాగారమునకు, అచటను దొరకనిచో 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా నెలకొని నేడు తమిళనాడు పత్రాగారమైన ఎగ్మూరు భవనమునకు ప్రయాణము కట్టవలసివచ్చును. ఉమ్మడి మద్రాసు రాజధాని విడిపోయినప్పుడు కాగితములు కొన్ని వచ్చినవి, కొన్ని అచటనే నిలిచినవి. 2014 విభజనము ఈ చిక్కునకు మఱియొక ముడి వేసినది.

2020 డిసెంబరు 21వ తేదీన జగ్గయ్యపేట చెంతనున్న తక్కెళ్ళపాడున భూముల పునఃసర్వే ఆరంభమైనది. నూరేండ్లకు పైబడిన సర్వే లెక్కలకు బదులు క్రొత్తలెక్కలు పుట్టవలెనని దాని యుద్దేశము. క్రొత్తలెక్క తప్పెను అని ఫిర్యాదు చేయు రైతునకు ఆధారమేది? ఆ పాతలెక్కయే గదా! 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబుకలెక్టరు కచేరిలో అగ్ని చెలరేగి దస్త్రములు దగ్ధమైనప్పుడు రాష్ట్రమంతయు ఉలికిపడినది. అగ్నికన్న నెమ్మదిగా పనిచేయు చెదపురుగును గూర్చి ఎవ్వరును ఉలికిపడరు.

నష్టమెట్టిదో తెలియుటకు కైఫియత్తులే చాలును. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు మొదలగువారు కర్నలు మెకంజీకై ఊరూర తిరిగి, కరణములకడనుండిన దండకవిలెలను చూచి గ్రామచరిత్రములను సేకరించిరి. మెకంజీ 1821లో మరణించెను. బ్రౌనుదొర ఆ వ్రాతలను మరల ప్రతులు వ్రాయించెను గనుక నేడు మనకవి గలవు. మూలములైన కవిలెలలో అధికభాగము కానరావు. ఆ తాటియాకులను తీసికొనిపోయి భద్రపఱచు సంస్థ ఆనాడు లేదు. ఈనాడు లేదనుటకు వీలులేదు. చాలినంత లేదని మాత్రము చెప్పవచ్చును.

ఢిల్లీలోని జాతీయ పత్రాగారము 1891లో కలకత్తాయందు ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటుగా పుట్టినది. దాని ఆధ్వర్యమున 1976లో శిక్షణాలయ మేర్పడినది. పత్రముల ఏర్పాటు, ఏవి నిలుపవలెనో ఏవి తీసివైవవలెనో నిర్ణయించుట, మరమ్మతు, నకళ్లు తీయుట మున్నగు పనులతోకూడిన ఒక సంవత్సరపు డిప్లొమాయు, కొన్ని వారముల చిన్నతరగతులును ఆ సంస్థ ఏర్పఱచినవే. 1993నాటి ప్రభుత్వపత్రముల చట్టము ప్రతి కేంద్రశాఖకును రికార్డు అధికారిని నియమింపవలెనన్నది. మిక్కిలి చెడిపోయి పనికిమాలినవి తప్ప 1892కు పూర్వపు పత్రమును నశింపజేయరాదన్నది. ఆ చట్టము రాష్ట్రకచేరీలకు వర్తింపదు! మన భూమి, మన శిస్తు, మన కాలువనీరు అన్నియు రాష్ట్రకచేరీల కాగితములలోనే యున్నవి.

అన్నిటికిని నేడు ఫోటోలు తీయుచున్నారు గదా, ఈ చదువెందులకని కొందఱందురు. ఫోటో మంచిదే. కాని ఆ కాగితము ఏ గ్రామమునకు, ఏ ఫసలీకి, ఏ కట్టకు చెందినదో గుర్తువేయక తీసిన లక్షఫోటోలు లక్ష తప్పిపోయిన బిడ్డలవంటివి. ఆ గుర్తు వేయుటయే ఈ విద్య.

బెజవాడకు ఇట్టి ప్రయత్నము క్రొత్తది కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మిచటనే వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి కాలమున, 1920 ప్రాంతముననే, గ్రంథపాలకులకు శిక్షణ నిచ్చినది. అప్పటికి గ్రంథపాలకత్వము ఒక వృత్తియని నమ్మినవా రెందఱు? కావున మచిలీపట్టణమునందలి కృష్ణా విశ్వవిద్యాలయము పత్రశాస్త్రమున పట్టభద్రోత్తర విద్య నేర్పాటుచేసి, పాత కలెక్టరు కచేరి కట్టలనే విద్యార్థులకు అభ్యాసశాలగా చేయవలెనని మేము కోరుచున్నాము. చదివినవారికి జిల్లా కచేరీలలోను, న్యాయస్థానములలోను, పురపాలక సంఘములలోను కొలువు నిర్ణయించుట ప్రభుత్వము పని. కొలువు చూపని చదువునకు బిడ్డలను పంపుమని తల్లిదండ్రులకు మేము చెప్పజాలము.

1948నాటి చట్టముతో జమీందారీలు పోయినవి. వానితో సంబంధమున్న కుటుంబముల యటుకలమీద శిస్తులెక్కలు, కాలువ తగాదాల జాబులు ఇంకను గలవు. అట్టి కాగితములున్నవారు వానిని చిత్తుకాగితముల బేరగానికి తూచి యీయకుందురుగాక. కట్టలను విప్పి వరుస మార్పవలదు. ఇనుపసూదులు తీసివైచి, ఉన్నకట్ట నున్నట్లే మెత్తని నూలుబట్టలో చుట్టి, పైని చీటిమీద గ్రామము పేరును సంవత్సరమును పెన్సిలుతో వ్రాసి, నేలకు ఎత్తుగా పెట్టవలెను.